తడిక తీసి పెట్టినా

ఈశ్వరి గోవర్ధన్‌ను మొదటిసారి సరిగ్గా చూసింది గాల్లోనే.

తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ అతను, ఈశ్వరి వాళ్ల గొర్రెల దొడ్డి చుట్టూ వేసిన ముళ్లకంప మీదుగా ఎగిరి వచ్చి కందిపొట్టు కుప్పలో పడ్డాడు. లేచి పొట్టు దులుపుకుంటుంటే ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని ఎదురుగా నిలబడింది.

"తడిక ఉంది కదా బావా. దాంట్లోంచి వస్తే కాళ్లు అరుగుతాయా?"

"ఎగరడం వచ్చినోనికి తడికతో పనేంది?"

ఆ పొగరు అణచాలనుకుంది ఈశ్వరి. మర్నాడు కంప మీద ఇంకో కొమ్మ వేసింది. ఏదో ఒక సాకుతో వచ్చి అతను దాటాడు. మరో కొమ్మ వేసింది. అదీ దాటాడు. దాటిన ప్రతిసారీ "వెయ్ ఈశ్వరీ, ఇంకోటి" అని నవ్వేవాడు. చొక్కా చిరిగిన రోజు ఆమే సూదీ దారం తెచ్చి తిడుతూ కుట్టింది.

చూస్తుండగానే కొమరోలు మండలంలో అంత ఎత్తు దొడ్డి ఇంకొకటి లేకుండా పోయింది. ఇదెందుకని వాళ్ల నాయన రామన్న అడిగితే నక్కల భయమని చెప్పింది.

గిద్దలూరు గ్రౌండ్‌లో ఒక కోచ్ కంటపడ్డాక గోవర్ధన్ వెనక్కి తిరిగి చూసుకోలేదు. స్పోర్ట్స్ హాస్టల్, నేషనల్స్, చివరికి ఆసియా చాంపియన్‌షిప్‌లో హైజంప్‌కు ఎంపిక. ఆ కబురు చెప్పడానికి వచ్చిన సాయంత్రం ఈశ్వరికి సంతోషమూ దిగులూ ఒక్కసారే కలిగాయి. దిగులు కనబడకుండా వేళాకోళం చేసింది.

"మెడల్ లేకుండా మాత్రం మా దొడ్డి తొక్కొద్దు బావా."

అతను నవ్వలేదు. "మెడల్ తెచ్చినాకే మామను అడుగుతా, నిన్ను ఇమ్మని" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత క్యాంపులు, ప్రాక్టీసు, హడావిడిగా తెగిపోయే ఫోన్లు. గొర్రెలను తోలి తడిక కట్టాక ఈశ్వరి కంప పైకొసనే చూస్తూ కూర్చునేది. వాన పడితే కొమ్మల నుంచి నీళ్లు కారుతుండేవి. అటు నుంచి ఎవరూ ఎగిరి వచ్చేవారు కాదు. కంప తగ్గిద్దామని నాయన అంటే ఒప్పుకోలేదు.

ఫైనల్‌ను దొడ్డి దగ్గరే ఫోన్‌లో చూసింది. బార్ పెంచాక అతను రెండుసార్లు తప్పాడు. చివరి ప్రయత్నంలో పరుగుకు ముందు అతని పెదాలు కదిలాయి. దేవుణ్ని తలచుకుంటున్నాడన్నాడు కామెంటేటర్. ఆ మాటేదో ఈశ్వరికి తెలుసు. "వెయ్ ఈశ్వరీ, ఇంకోటి."

మడమ తగిలి బార్ రాలిపోయింది. నాలుగో స్థానం.

మెడల్ పోయినందుకు కాదు, అప్పుడు దొడ్డి తొక్కొద్దని తను అన్న మాటకు ఏడ్చింది ఈశ్వరి.

గోవర్ధన్ తిరిగొచ్చి గిద్దలూరులో స్నేహితుడి రూములో దిగాడు. కొమరోలు బస్సెక్కలేదు. ఆమె ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎదురుచూసి ఎదురుచూసి, ఒక పొద్దున ఆమె కంప మీది కొమ్మలు లాగి పడేయడం మొదలుపెట్టింది. చేతులు గీసుకుపోతున్నా ఆగలేదు.

"నక్కల భయం పోయిందా?" అన్నాడు వెనక నుంచి రామన్న.

ఆమె తల వంచుకుంది.

"అంత ఎత్తు ఎగిరే నక్క ఒకటే ఉందని నాకు తెల్సులేమ్మా. రమ్మను. మాట్లాడాల."

ఈసారి గోవర్ధన్ ఫోన్ ఎత్తాడు.

"మెడల్ లేదు ఈశ్వరీ."

"మెడల్ కోసం కొమ్మలు వేసినానా నేను? నువ్వు మళ్లీ వస్తావని వేసినా."

ఆమె ఫోన్ చెవికి పెట్టుకునే వెళ్లి తడిక కట్టు విప్పింది.

"తడిక తీసి పెట్టినా బావా. ఎగరాల్సిన పని లేదు. నడిచి రా."

తడిక తీసి పెట్టిన పాపానికి సాయంత్రానికి సగం గొర్రెలు రోడ్డెక్కాయి. బస్సు దిగిన గోవర్ధన్ వాటిని అదిలించుకుంటూ, వాటి వెనకాలే నడిచి లోపలికి వచ్చాడు. ఈశ్వరి గొర్రెలను లెక్కపెట్టడం మర్చిపోయి తడిక మూసి కట్టేసింది.

ఈసారి అతను లోపలే ఉన్నాడు.