నున్నగా తిరిగిన 'ళ'

"మీ 'ళ' అక్షరానికి మూలలొచ్చాయేంటండీ?"

తిరుపతి తలెత్తాడు. ఆ ఉదయమే చేరిన డిజైనర్ సెలీనా అతని మానిటర్ వైపు వేలు చూపిస్తోంది.

హైదరాబాదులో సైబర్ టవర్స్ కట్టిన కొత్తలో సంగతి ఇది. మాదాపూర్‌లోని ఆ చిన్న కంపెనీ పత్రికల కోసం తెలుగు ఫాంట్లు చేస్తుంది. కంప్యూటర్ అక్షరాలు గీసేలా ప్రోగ్రాం రాసేది తిరుపతి.

"మూలలేడున్నయండీ? మంచిగనే ఉంది గద!"

"పెద్దది చేసి చూడండి."

చేశాడు. వంపు అనుకున్నదంతా పొట్టి పొట్టి గీతల అతుకులే.

"హెడ్డింగుకి పెడితే రంపమే!" పకపకా నవ్వింది సెలీనా.

తిరుపతికి పౌరుషం వచ్చింది. వారం తిరిగేసరికి ప్రోగ్రాం మార్చేశాడు. ఇప్పుడు ప్రతి వంపుకూ రెండు కొసలు, మధ్యలో రెండు చుక్కలు. మౌస్‌తో ఆ చుక్కల్ని ఎటు లాగితే వంపు అటు ఒంగుతుంది.

"ఎంత పెద్దగ చేసినా లెక్క కట్టి మళ్ల గీస్తది. ఇగ మూలలు రావు," అన్నాడు.

సెలీనా మౌస్ అందుకుని చుక్కలు అటూ ఇటూ జరిపింది. 'ళ' వంపులు నిండుగా తిరిగాయి. తన లెక్కలో ఇంత అందం ఉందని తిరుపతికి అప్పటిదాకా తెలియదు.

"ఇంత బాగా ఒంగుతుందా! భలే చేశారండీ," అంటూ అతనివైపు తిరిగింది. అతను చూస్తున్నది అక్షరాన్ని కాదు. ఇద్దరూ గబుక్కున చూపులు తిప్పుకున్నారు.

ఫాంటు చూడటానికి పత్రికవాళ్లు వచ్చే రోజు మేనేజర్ వెంకటరమణ అడ్డుపడ్డాడు. "కొత్త ప్రోగ్రాం మధ్యలో ఆగితే ఆర్డర్ పోతుంది. పాతదే చూపిద్దాం."

సెలీనా ముఖం చిన్నబోయింది.

"ఆగితే నన్ను నౌకరీలకెళ్లి తీసెయ్యండి సార్. కొత్తదే చూపెడ్త," అన్నాడు తిరుపతి.

ఎడిటర్ 'ళ'ను తెరంతా నిండేలా పెద్దది చేయమన్నాడు. కంప్యూటర్ కాసేపు కదల్లేదు. వెంకటరమణ తిరుపతి వైపు గుర్రుగా చూశాడు. అంతలో అక్షరం నున్నగా విచ్చుకుంది.

"చేత్తో రాసినట్టుందయ్యా!" అన్నాడు ఎడిటర్.

"దిద్దింది సెలీనా గారు సార్."

సాయంత్రం వాన. బస్టాపు రేకుల కింద ఇద్దరే మిగిలారు.

"ఉద్యోగం పోయుంటే?" కోపంగా అడిగింది సెలీనా.

"ఇంకోటి దొరుకుతుండె. మీ ముఖం గట్లయితే చూడలేకపోయిన." ఆమె వైపు తిరిగి అన్నాడు, "మీరంటే నాకు పాణం. గని మీరు చర్చికి పోతరు, మావోళ్లు మల్లన్నకు మొక్కుతరు. మీ నాన్న ఒప్పుకుంటడా?"

"పోయిన వారమే నాన్నకి చెప్పేశాను."

"ఏమని?"

"మీరే నాతో అంటారని చూసి చూసి, మిమ్మల్నే చేసుకుంటానని నేనే చెప్పానండీ. ఆయన నాతో మాట్లాడ్డం మానేశారు." ఆమె తల దించుకుంది. పెదవుల చివర నవ్వు మాత్రం ఆగలేదు. "ఇవాళ పొద్దున నోరు విప్పారు. ఆదివారం భోజనానికి రమ్మను, ఆ అబ్బాయి చేపల పులుసు తింటాడా అని అడిగారు."

జన్మలో చేప ముట్టని తిరుపతి, "మస్తు ఇష్టమండీ!" అన్నాడు.