తలుపు తట్టని వీధి

మా వీధిలో చెత్త డబ్బాలను మంగళవారం సాయంత్రం అయిదు దాటాకే బయట పెట్టాలి. బుధవారం మధ్యాహ్నానికి మళ్ళీ లోపలికి లాక్కోవాలి. గడ్డి ఆరంగుళాలు మించి పెరగకూడదు. ముందుగా ఫోన్ చెయ్యకుండా ఎవరి తలుపూ తట్టకూడదు. వీధి సంఘం పేరిట ఈ నియమాలు రాసింది నేనే. నా పేరు ఎల్డన్ వ్రాబెల్. నలభై ఏళ్ళు ఈ ఏక్రన్ ఊరి శివార్లలో పైపులు బిగించాను, మురుగు తూములు బాగుచేశాను. నా చదువు పదో తరగతితో ఆగింది. కానీ ఒప్పుకున్న పని వాయిదా వెయ్యడం, తప్పు చేసి దాచుకోవడం నాకు చేతకాదు. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, నా తప్పుతో సహా.

మేం వచ్చిన కొత్తలో టిల్‌బరీ కోర్టు అనే ఈ మా వీధిలో ప్రతి ఇంటి ముందూ ఏదో ఒక సైకిలు పడి ఉండేది. స్కూలు బస్సు ఆగితే పిల్లలందరూ ఎక్కడానికే అయిదు నిమిషాలు పట్టేది. ఆ పిల్లలు పెరిగి తలో దిక్కూ పోయారు. బస్సు రావడం మానేసింది. తర్వాత స్కూలు మూసేశారు. ఇప్పుడది ముసలివాళ్ళు ఉండే చోటు. గోడల మీద ఏనుగు బొమ్మలూ అంకెలూ అలాగే ఉన్నాయి. వాటి కింద చక్రాల కుర్చీలు వరసగా నిలబెట్టి ఉంటాయి.

ఎదురింటి మెర్ల్ హాస్కిన్స్ ఎప్పుడూ అంటుంటాడు: "ఇరవై ఏళ్ళలో ఈ వీధిలో కొత్తగా పుట్టింది ఒక్కటేరా ఎల్డన్, నా మోకాలినొప్పి."

అయినా మా వీధిని చూసి పాడుబడిందని ఎవరూ అనలేదు. అననివ్వలేదు. మనిషి లేని ఇంటి ముందు కూడా గడ్డి కోసేవాళ్ళం. మంచు ఎత్తేవాళ్ళం. డబ్బాలు బయటికి లాగేవాళ్ళం, లోపలికి తోసేవాళ్ళం. అదే మా పరువు అనుకున్నాం.

మా పక్కిల్లు లొరైన్ స్టుప్కాది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, ఒంటరిది. ఆమె గడ్డీ, మంచూ నా వంతు. పోస్టు పెట్టెలో నిండిపోయిన ఉత్తరాలు తీసి తలుపు సందులోంచి లోపలికి తోయడం కూడా నా పనే. చర్చి నుంచి ఒకావిడ వారానికి మూడుసార్లు వచ్చి, వరండాలో ఉన్న థర్మోకోల్ పెట్టెలో రేకు పళ్ళెం భోజనం పెట్టి వెళ్ళిపోయేది. మళ్ళీ వచ్చేసరికి పెట్టె ఖాళీగా ఉండేది. ఆవిడా తలుపు తట్టేది కాదు. మంగళవారం డబ్బా మాత్రం ఎవరూ లాగనక్కర్లేదు. లొరైన్ తానే పెట్టుకునేది. నేను చూసేసరికి అది రోడ్డు పక్కన ఉండేది.

ఇక సాయంత్రం ఏడింటికి ఆమె మేడ మీది కిటికీలో దీపం వెలిగేది. తెర పక్కనుంచి ఒక చెయ్యి ఊగేది. నేనూ ఊపేవాణ్ణి. మెర్ల్ తన వరండాలోంచి ఊపేవాడు. "ముసల్ది గట్టిదే" అనుకుని లోపలికి వెళ్ళిపోయేవాళ్ళం. అంతే మా పలకరింపు.

మే నెలలో వాసన మొదలైంది.

ఆ వాసన నాకు తెలుసనుకున్నాను. వాడకం తక్కువైన ఇంట్లో తూము వంపులో నిలవుండే నీళ్ళు ఎండిపోతాయి. అప్పుడు మురుగు గాలి పైకి తంతుంది. మెర్ల్‌కి అదే చెప్పాను. నలభై ఏళ్ళ అనుభవం కదా, అతను నమ్మాడు. జూన్ వచ్చేసరికి గడ్డి కోస్తుంటే ముక్కుకి రుమాలు కట్టుకోవాల్సి వచ్చింది. తియ్యగా, కుళ్ళిన కొవ్వులా ఉండేది. గొంతులో పేరుకునేది. ఇంటికొచ్చి పళ్ళు తోముకున్నా పోయేది కాదు. నేను గడ్డి కోశాను. అంచులు కత్తిరించాను. వెళ్ళిపోయాను.

జూలైలో మూడో ఇంటికి రిజాల్ కుటుంబం వచ్చింది. భూటాన్‌లోంచి వెళ్ళగొడితే నేపాల్ శిబిరాల్లో పెరిగి ఈ ఊరు చేరినవాళ్ళు. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు. తొమ్మిదేళ్ళలో మా వీధిలో పిల్లల గొంతు అదే మొదలు. భార్య పేరు సబిత్ర. వచ్చిన రెండో రోజే పప్పూ అన్నమూ గిన్నెలో పట్టుకొచ్చి నా తలుపు దబదబా బాదింది.

"ఫోన్ చేసి రావాలమ్మా. ఇక్కడ పద్ధతి అది" అన్నాను.

"మీ నంబరు నాకెలా తెలుస్తుంది తాతగారూ, తలుపు కొట్టకపోతే?" అని నవ్వింది.

గిన్నె తీసుకున్నాను. నియమాల కాగితం ఆమె చేతిలో పెట్టాను.

వారం తిరక్కుండా, మధ్యాహ్నం ఎండలో నేను లొరైన్ గడ్డి కోస్తుంటే కంచె దగ్గరికొచ్చి నిలబడింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఆ ఇంట్లో ఎవరుంటారు?"

"లొరైన్ అని పెద్దావిడ. తూములో నీళ్ళెండిపోయాయి. అదే కంపు."

"ఆవిడతో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

"రోజూ కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది."

"నేనడిగింది మాట్లాడటం గురించి తాతగారూ."

నోరు తెరిచాను. నెలలు వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆమె నా జవాబు కోసం ఆగలేదు. నేరుగా వరండా ఎక్కి తలుపు తట్టింది. నేను వారిస్తూనే ఉన్నాను. ఉత్తరాలు వేసే సందు మూత ఎత్తి, వెంటనే వెనక్కి దూకింది. సందులోంచి ఈగలు... పొగలా వచ్చాయి.

లొరైన్ ఇంటి తాళంచెవి నా వంటింట్లో మేకుకి ఆరేళ్ళుగా వేలాడుతోంది. అవసరమైతే వాడమని తనే ఇచ్చింది. ఒక్కసారీ వాడలేదు. ఆ రోజు తెచ్చాను. తాళం తిరిగింది, తలుపు మాత్రం జానెడే తెరుచుకుంది. అవతల ఉత్తరాల గుట్ట అడ్డం. ప్రతి ఒక్కటీ నా చేత్తో తోసిందే. ఉబ్బి, తడిసి, ఒకదానికొకటి అంటుకుపోయాయి. భుజంతో నెట్టాను. సబిత్ర నా వెనకే లోపలికి వచ్చింది.

లోపల వేడి. చీకటి. ఈగల మోత.

వంటింటి బల్ల దగ్గర కుర్చీలో ఒక ఆకారం ఉంది. అది లొరైన్ అనడానికి ఆ నీలం గౌనే గుర్తు. మిగతాదంతా నల్లగా, తోలులా, కదులుతున్నట్టుగా ఉంది... కదులుతున్నవి పురుగులు. కుర్చీ కాళ్ళ చుట్టూ తారు లాంటిది పారి గట్టిపడింది. ముందుకు ఒక్క అడుగు వేశాను. జోడు నేలకి అతుక్కుంది. కాలెత్తితే పచ్... అని ఊడింది. గోడ మీద క్యాలెండరు ఫిబ్రవరి దగ్గర ఆగిపోయి ఉంది.

అప్పుడు మా నెత్తి మీద, మేడ గదిలో, నేల కిర్రుమంది.

సబిత్ర నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. పచ్చగా, నున్నగా, నేనే కోసిన గడ్డి మీద కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాను.

పోలీసులొచ్చారు. ఆమె పోయి అయిదు నెలలైందని డాక్టరు తేల్చాడు.

"నిన్న సాయంత్రం కూడా చెయ్యి ఊపిందయ్యా! నేను చూశాను, వీడూ చూశాడు" అని మెర్ల్ వాళ్ళతో పోట్లాడాడు.

ఒక పోలీసు మేడ మీదికి వెళ్ళి దిగొచ్చాడు. మెట్ల మీద దుమ్ము మందంగా ఉందట. అతని జోళ్ళ గుర్తులు తప్ప వేరే గుర్తులు లేవట. కిటికీ అద్దం మీద మాత్రం అరచేతి మేర జిడ్డు. పొరలు పొరలుగా, వెన్న రాసినట్టు. చెత్త డబ్బా మూత ఎత్తిచూశారు. భోజనం పళ్ళేలు ఒకదాంట్లో ఒకటి పొందిగ్గా పేర్చి ఉన్నాయి. నాకి శుభ్రం చేసినట్టున్నాయి. రేకు అంచుల మీద పళ్ళ గాట్లు.

ఆ సంగతి ఎవరూ కాగితం మీద రాయలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దెయ్యం భయం కాదు. అసహ్యం. నా మీద నాకు అసహ్యం. అయిదు నెలలు ఆమె పక్కనే కుళ్ళుతుంటే నేను అంచులు కత్తిరించాను. మా ఆవిడ మార్జీ పోయి తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. రేపు నేను కుర్చీలో ఒరిగిపోతే మెర్ల్ నా గడ్డి కోస్తాడు. చక్కగా కోస్తాడు. తలుపు మాత్రం తట్టడు. అలా పోవడం నా వల్ల కాదు.

తెల్లారగానే సబిత్ర ఇంటికెళ్ళాను. ఫోన్ చెయ్యలేదు. తలుపు తట్టాను. నా తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను.

"రోజూ సాయంత్రం ఏడింటికి వచ్చి తలుపు కొట్టమ్మా. నేను పలక్కపోతే తాళం తీసుకుని లోపలికి రా."

"దీనికింత బతిమాలాలా తాతగారూ? ఆ నియమాల కాగితం ఏం చేశానో తెలుసా? మా చిన్నది పడవ చేసింది."

మూడు వారాలు ఆమె ఒక్కరోజూ తప్పలేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేది. వాళ్ళు నా పాత పానాలతో ఆడుకునేవాళ్ళు.

ఆగస్టులో ఒక మంగళవారం సాయంత్రం తలుపు తీసేసరికి నా చెత్త డబ్బా రోడ్డు పక్కన ఉంది. నేను పెట్టలేదు. మెర్ల్‌ని అడిగాను.

"నేనెందుకు లాగుతానురా? నా నడుం లాక్కెళ్ళడానికే నాకు ఇద్దరు మనుషులు కావాలి."

డబ్బా పిడి పట్టుకుంటే చెయ్యి జారింది. జిడ్డు. సబ్బుతో మూడుసార్లు కడిగినా ఆ కంపు వేళ్ళకి పట్టుకునే ఉంది. మర్నాడు ఇంట్లో కూడా వచ్చింది. ప్రతి తూములోనూ బకెట్టు నీళ్ళు పోశాను. వంపుల్లో నీళ్ళు నిండుగా ఉన్నాయి. కంపు కింది నుంచి రావడం లేదు. మేడ మీంచి దిగుతోంది.

మోకాలికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి, రెండేళ్ళుగా నేను మేడ ఎక్కలేదు. మెట్ల తలుపుకి తాళం వేసి ఉంటుంది. తాళంచెవి నా జేబులో ఉంటుంది.

ఆ వారం సబిత్ర మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు కంచె దగ్గర పట్టుకుని అడిగాను. ఆమె వింతగా చూసింది.

"మీరే కదా వద్దన్నారు! వరండా మెట్లెక్కబోతుంటే మేడ కిటికీలోంచి చెయ్యి ఊపి, బాగానే ఉన్నాను వెళ్ళమని సైగ చేశారు. మూడు రోజులూ అంతే. మా చిన్నది మీకు టాటా కూడా చెప్పింది."



"అది... నేను కాదమ్మా. ఎవరు చెయ్యి ఊపినా సరే తట్టు. నా గొంతు వినబడేదాకా తట్టు."

ఆమె చూపు నా మేడ కిటికీ వైపు తిరిగింది. సరేనంది.

ఆ సాయంత్రం ఆరున్నర నుంచే వీధి తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కంపుకి కళ్ళు మండుతున్నాయి. ఏడింటికి వరండా మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు. ఒకటి... రెండు... తట్టింది. లేవబోయాను. మోకాలు పట్టేసింది. నోరు తెరిచాను.

నేను పలికేలోపే మేడ మీంచి జవాబు వచ్చింది.

"బాగానే ఉన్నానమ్మా. వెళ్ళిరా."

నా గొంతే. అచ్చంగా నాదే. కాస్త తడిగా ఉంది.

"సరే తాతగారూ, హమ్మయ్య!" అంది సబిత్ర. చెప్పుల చప్పుడు దూరమైంది.

వెనక, తాళం వేసిన తలుపు అవతల, మెట్టు మీద ఒక అడుగు పడింది. పచ్... అని ఊడింది. ఇంకో అడుగు... 

ఎలా లేచానో తెలియదు. బయటపడి రోడ్డు దాటి మెర్ల్ తలుపు రెండు చేతులా బాదాను. నా అరుపులు విని సబిత్ర పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసింది, నా ఇంటి వైపు చూసింది, పిల్లల పేర్లు పిలుస్తూ వెనక్కి పరుగెత్తింది. ఆ రాత్రి మెర్ల్ సోఫా మీద కూర్చునే ఉన్నాను. అంతా చెప్పాను. "ఎండదెబ్బరా నీకు. పడుకో" అన్నాడు. దుప్పటి ఇచ్చాడు.

పొద్దున్నే కాఫీ తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇంకా నిద్రమత్తులోనే ఉన్నాడు. కిటికీలోంచి ఎదురుగా నా ఇల్లు కనిపిస్తోంది. నా గడ్డి ఎవరో కోశారు. అంచులు కూడా కత్తిరించారు. దాని మీది మంచుబిందువులు మాత్రం చెక్కుచెదరలేదు, ఒక్క అడుగు గుర్తూ లేదు.

మెర్ల్ నా మేడ కిటికీ వైపు చూస్తూ, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, చెయ్యెత్తి ఊపాడు.

"ఎల్డన్ లేచాడు" అన్నాడు, ఆవలిస్తూ.

తర్వాత మెల్లిగా నా వైపు తిరిగాడు. ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయాడు.