నీలకంఠం చెప్పని మాట

రండర్రా, రండి. చివర కూర్చున్నవాళ్లు ఇంకాస్త ఇటు జరగండి. చాప చాలకపోతే ఒకరి ఒళ్లో ఒకరు సర్దుకోండి. ఇవాళ్టిది వ్యాకరణం పాఠమే అనుకోండి. ఒక్క క్రియాపదం మారిస్తే ఏమవుతుందో చెబుతాను.

విశాఖపట్నంలో, గాజువాక సందుల్లో, ఓ మేడ మీద చిన్న డబ్బింగ్ స్టూడియో ఉంది. కిటికీలు లేని గది. గోడల నిండా దళసరి నురగ పలకలు. తలుపు వేస్తే కింద లారీ హారను మోగినా వినబడదు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల అమావాస్యే. ఏసీ చలి, వేడెక్కిన వైర్ల వాసన. అక్కడ గొంతులు సరిచేసే పని దేవిది. జాలారిపేటలో వేటకెళ్లేవాళ్లింటి పిల్ల.

వాళ్లకి ‘గోడచెవులు’ అనే సీరియలు వచ్చింది. పైదేశాల్లో బహుమతుల మీద బహుమతులు కొట్టేసిన సీరియలు. ఇంట్లో పెట్టుకున్న ఓ యంత్రం మనుషుల మాటలు వినీ వినీ, చివరికి వాళ్లు పైకి అనని మాటలు కూడా చెప్పేస్తుంటుంది. ఆ యంత్రానికి తెలుగు గొంతు నీలకంఠానిది. కోనసీమ నుంచి వచ్చి ఇక్కడ ఫ్యాక్టరీలో కుదురుకున్న మనిషి. తెల్లవారుజామున ఎక్కే ఎ షిఫ్టు దిగి, మూడింటికి ఇల్లు చేరి, రెండు ముద్దలు తిని, ఓ కునుకు తీసి, సాయంత్రం స్టూడియోకి వచ్చేవాడు. మామూలప్పుడు “పదెహె”, “ఊరుకోవెహె” అనకుండా మాట ముగించలేడు. మైకు ముందు నిలబడితే మాత్రం యాస జాడే ఉండేది కాదు. రాయి మాట్లాడినట్టుండేది.

చివరి భాగంలో ఒకే ఒక్క మాట మిగిలి ఉండగా, డ్యూటీకి బయల్దేరిన నీలకంఠం బస్టాపులోనే గుండె ఆగి పోయాడు.

“ఒక్క మాట కోసం కొత్త మనిషేటి? పాత రికార్డింగులు కంప్యూటర్‌కి తినిపించు, ఆడి గొంతుతో అదే పలుకుద్ది. అవార్డు సీరియలమ్మా, నాలుగింటికి ఫైలు ఎల్లిపోవాల” అన్నాడు, నెల తిరిగాక, యజమాని అర్జునరావు.

నీలకంఠం భార్య వరహాలమ్మ ఒప్పుకుంది. కాకపోతే ఒకటి అడిగింది. “ముందు నాకు పంపమ్మాయ్. ఆ రోజు నేను నిద్రపోతున్నానని లేపలేదు. వెళ్లొస్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోయారు.”

సీరియల్లో ఆ యంత్రాన్ని ఆపేస్తుంటే అది పలకాల్సిన మాట కాగితం మీద ఇలా ఉంది: “నేను వెళ్తున్నాను.”

దేవి చెయ్యి ఆగింది. గడప దాటేవాళ్లు ‘వెళ్తున్నాను’ అంటారా? మీ ఇళ్లలో ఎవరైనా అంటారా? పడవెక్కేవాళ్లింట్లో అయితే మరీనూ! ఆ మాట నోరుజారితే నానమ్మ ముసలమ్మ వెనక్కి లాక్కొచ్చి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించి మరీ పంపేది. పైగా ఆ ఇల్లాలు ఆశపడ్డ మాట. అందుకని దేవి మార్చేసింది. “వెళ్లొస్తాను.” మీట నొక్కింది.

రెండు సెకన్లు. అచ్చం నీలకంఠమే.

వరహాలమ్మ ఫోనుకి పంపింది. వెంటనే జవాబుగా ఆవిడ గొంతు వచ్చింది, ఏడుస్తూ, నవ్వుతూ. “సరేనండీ. పెందలాడే వచ్చెయ్యండి.”

అప్పుడు రెండున్నర. అన్నం తిన్నావా అని ముసలమ్మ ఫోను చేసింది. దేవి సంబరంగా అంతా చెప్పింది. అవతల గిన్నె ఏదో కింద పడిన చప్పుడు.

“నానమ్మా?”

“ఏటి సేసేవే, బుర్ర తక్కువదానా! సావింటికి పలకరింపుకెల్తే, వచ్చేటప్పుడు ఆ మాట అంతామా మనం?”

“అనం...”

“నోరు మూసుకుని లేచొచ్చెత్తాం. మల్లీ ఆ గుమ్మం ఎక్కే పని పడకూడదని. నువ్వు సచ్చినోడి సేతే అనిపించేవా? ఆవిడేటంది?”

“పెందలాడే రమ్మంది.”

ముసలమ్మ గొంతు దిగిపోయింది. “అయితే ఆవిడ తలుపు తియ్యకూడదే. ఎల్లు. ఎల్లి ఆపు.”

దేవి లేచింది. మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్‌లో ఏదో గరగర. ఆ రెండు సెకన్ల ముక్క ఎప్పుడో అయిపోయింది... తెర మీద శబ్దం చూపే గీత ఇంకా కదులుతోంది. ఊపిరి. ఎండలో నడిచొచ్చినవాడి ఊపిరి. తరవాత...

“వరాలూ... తలుపు తియ్యెహె.”

వరాలు. ఆ పేరు ఏ రికార్డింగులోనూ లేదు.

మెట్లు దిగుతూనే ఫోను చేసింది. “పిన్నీ, నాను దేవిని. ఎవరొచ్చినా తలుపు తియ్యకు!”

“గేటు చప్పుడైందమ్మాయ్.” గుసగుస. “చెప్పులు విడుస్తున్నారు.”

“ఆయన కాదు పిన్నీ! ఆ మాట నాను రాసేను... నానే...”

“ఎవరు రాస్తే ఏంటమ్మా. ఎండలో నిలబడ్డారు.”

గడియ తీసిన చప్పుడు. ఫోను ఆగిపోయింది.

స్కూటీ మీద పది నిమిషాల దారి. లారీలు అడ్డం. దేవి చేరేసరికి మూడు దాటింది. తలుపు బార్లా తెరిచి ఉంది. వరహాలమ్మ లోపలి గది గుమ్మం పక్కన కూర్చుని ఉంది. నెలరోజులుగా లేని కళ ఆవిడ మొహంలో. దేవిని చూసి పెదాల మీద వేలు పెట్టుకుంది.

“హుష్... ఇప్పుడే తిని నడుం వాల్చారు.”

దేవి పీట వైపు చూసింది. కంచంలో వడ్డించిన అన్నం వడ్డించినట్టే ఉంది. ఒక్క మెతుకు కదల్లేదు. గుండె కాస్త కుదుటపడింది. పాపం, దిగులుతో భ్రమపడిందనుకుంది.

“లే పిన్నీ. మా ఇంటికి పోదాం. అక్కడెవరూ లేరు, కావాలంటే సూడు.”

లోపలి గది గుమ్మానికున్న కర్టెన్ పక్కకి లాగింది.

ఎవరూ లేరు. నవారు మంచం. దుప్పటైనా లేదు.

కానీ మధ్యలో నవారు కుంగి ఉంది. ఒక మనిషి పొడుగున... ఒక మనిషి బరువున...

“పిన్నీ!”

“నెమ్మదిగా అమ్మాయ్,” వెనకనుంచి వరహాలమ్మ. “లేస్తారు.”

మంచం కిర్రుమంది. ఆ పల్లం మెల్లగా... గోడ వైపు నుంచి... ఇటు ఒత్తిగిల్లింది.

ఊఁ, ఇక లేవండి. మీ అమ్మలు వీధిలోంచి కేకలేస్తున్నారు, పప్పు చల్లారిపోతోందట. గుంపుగా నడవండి. కాళ్లు కడుక్కుని, అన్నాలు తినండి.