ఎల్లారెడ్డి ఇన్వర్టర్

కామారెడ్డి బస్టాండులో ఏజెంట్ మహిపాల్ చాయ్ గ్లాసు నోటిదాకా ఎత్తాడో లేదో, ఫోన్ మోగింది. చీఫ్ అరుణజ్యోతి. వారం నుంచి కంటి మీద కునుకు లేనివాడికి ఆ పేరు చూడగానే ప్రాణం ఉసూరుమంది.

"తునికాకు తడిసిందా?" ఎప్పటి కోడ్ మాటే అడిగింది.

"ఆరబెట్టినం మేడం. చెప్పండి."

"దుబాయ్‌ల సిద్దార్థ ఇయ్యాల ఆ ముఠా మీటింగ్‌కు పోతున్నడు. మన మనిషని వాళ్లకు తెలిసిపోయింది. లోపలికి పోతే తిరిగి రాడు. వార్నింగ్ పంపుదామంటే ఎల్లారెడ్డి సర్వర్ మొరాయిస్తున్నది. నువ్వే దగ్గరున్నవ్."

దగ్గరలో ఉండటమే నేరమైపోయింది. కానీ సిద్దార్థను ఈ పనిలోకి దింపింది తనే. మహిపాల్ చాయ్ సగంలో వదిలేసి, మెకానిక్ చొక్కా తొడుక్కుని, ఎల్లారెడ్డి బస్సెక్కాడు.

పైకి అది మామూలు కంప్యూటర్ సెంటర్. వెనక గదిలో డిపార్ట్‌మెంట్ రహస్య వెబ్ సర్వర్. విదేశాల్లోని ఏజెంట్లకు సందేశాలు పంపే స్క్రిప్ట్ అందులోనే నడుస్తుంది. మేనేజర్ గ్లోరీ నల్ల కళ్లద్దాలు, పట్టుచీరతో కౌంటర్ దగ్గర కూర్చుని ఉంది. మెకానిక్‌ను చూసి తియ్యగా నవ్వింది. వెనక గదిలో ఆపరేటర్ బాలరాజు తల పట్టుకుని ఉన్నాడు.

"ఏమైందన్నా?"

"మొన్నటిదాకా మంచిగనే పోయినయి సార్. పంపంగ పంపంగ ఆగిపోయింది. ఇప్పుడు ఎంత నొక్కినా ఎర్రరే."

మహిపాల్ బరువెక్కిన కళ్లతో స్క్రిప్ట్ చదివాడు. సందేశం పంపిన ప్రతిసారీ అది కొత్త కనెక్షన్ తెరుస్తోంది. పని అయ్యాక మూయడం లేదు. నల్లా తిప్పి అట్లాగే వదిలేసి పోయినట్టు. అన్నీ తెరుచుకుని ఉండిపోయేసరికి సర్వర్‌కు కొత్తది తెరిచే దిక్కు లేదు. మరి ఇన్నాళ్లూ ఎలా నడిచినట్టు?

"మొదట్ల గిట్ల అయ్యేదా?"

"ఎన్నడు గాలె. రోజు షట్టర్ దించెటప్పుడు మెయిన్ బంద్ జేసి, దండం పెట్టి పోయేటోన్ని. గ్లోరీ మేడం ఇన్వర్టర్ కొనిచ్చినంక బంద్ జెయ్యద్దన్నది. చేస్తే డేటా పోతదంట."

మహిపాల్‌కు విషయం బోధపడింది. కరెంటు ఆపితే తెరిచి ఉన్న కనెక్షన్లన్నీ తెగిపోతాయి; దుకాణం కట్టేసే ఆ అలవాటే ఇన్నాళ్లూ స్క్రిప్ట్ తప్పును రోజూ కడిగేసింది. అది కనిపెట్టి, కానుక ఇచ్చి మరీ మాన్పించింది ఈ మహాతల్లి.

వెనక నుంచి సెంటు వాసన కొట్టింది.

"తెలివైన మెకానిక్‌వే," అంది గ్లోరీ, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు తీస్తూ. "సర్వర్ ముట్టుకోకు. సిద్దార్థ ఈపాటికి కారెక్కి ఉంటాడు. మావాళ్లు ఎదురుచూస్తున్నారు."

మహిపాల్‌కు భయపడే ఓపిక కూడా లేదు. చేతులు మెల్లగా పైకెత్తి, కాలితో ఇన్వర్టర్ తీగను లాగేశాడు. గదిలో లైట్లు, సర్వర్ అన్నీ దాని మీదే. చీకటైంది. తూటా పైకప్పులో దిగింది. బాలరాజు కుర్చీ ఎత్తి చీకట్లోనే ఆమె మీదికి తోశాడు. కిందపడ్డ గ్లోరీ చేతులు వెనక్కి విరిచి, ఆమె కొనిచ్చిన ఇన్వర్టర్ స్టాండుకే కట్టేశారు.

తీగ మళ్లీ తగిలించాక సర్వర్ ముక్కుతూ మూలుగుతూ లేచింది. మహిపాల్ స్క్రిప్ట్‌లో కనెక్షన్ మూసే లైను చేర్చి, సందేశం పంపాడు.

"పోయిందా సార్?"

"పోయింది. పోరడు చూసిండో లేదో."

వాడికేమన్నా అయితే ఈ జన్మకు తనకు నిద్ర పట్టదు. మహిపాల్ స్క్రీన్ మీది నుంచి కళ్లు తిప్పలేకపోయాడు.

చివరికి అక్షరాలు మెరిశాయి.

"అందిందన్నా. గేటు దాకా వచ్చిన. వాపస్ పోతున్న. గా సర్వర్‌ను ఎట్ల బాగుచేసినవ్?"

మహిపాల్ కళ్లు తుడుచుకుని, తను పీకి పెట్టిన తీగ వైపు ఓసారి చూసి, వంగి టైప్ చేశాడు.

"టాప్ సీక్రెట్ తమ్మీ. దేశం పరువు పోతది."