బూడిద రంగు సిలిండర్లు

ఏజెంట్ సంపత్‌కు చీఫ్ శ్యాంసుందర్ ఫోన్‌లో చెప్పింది కొద్ది మాటలే. కరోనా రెండో వేవ్‌లో ఆక్సిజన్ తయారుచేస్తామని ప్రభుత్వ సాయం మింగిన మూడు గ్యాస్ కంపెనీలు కుమ్మక్కయ్యాయి. సరుకు దాచి ధర పెంచుతున్నాయి. పోటీ చట్టం కింద అది కార్టెల్. వెనకుండి ఆడిస్తున్నది జెల్కార్ అనే విదేశీ ముఠా. ఇవాళే సరుకు రాష్ట్రం దాటిపోతుంది. మొదటి కంపెనీ యజమాని హనుమండ్లు పొద్దున్నే వచ్చి తప్పు ఒప్పుకున్నాడు గానీ, సరుకెక్కడుందో అతనికీ తెలియదు. సరుకు దొరక్కపోతే కేసు లేదు.

కరీంనగర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సాయంత్రం దాకానే వస్తుంది. అక్కడి బెడ్ల మీద ఉన్నవాళ్లలో సంపత్ తండ్రి లచ్చయ్య ఒకడు. ఆ సంగతి చీఫ్‌కు తెలుసు కాబట్టే ఆ మాట ఎత్తలేదు.

నస్పూర్ శివారు గోదాం. సంపత్ హమాలీ వేషంలో దిగాడు. గేటు దగ్గర ఫోన్ లాక్కున్నారు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్‌ను మాత్రం వదిలేశారు, ఆ రోజుల్లో అది లేని జేబు లేదు మరి. దాంట్లో మైకు, ట్రాన్స్‌మిటర్ ఉన్నాయని వాళ్లకేం తెలుసు.

"మంథని బస్సు పోయిందా?" అన్నాడు సంపత్, ముందే అనుకున్న గుర్తు మాటగా.

"పోలే, ఇంకా ఉన్నది," అంది నవనీత. రెండో కంపెనీ ఓనర్, తమకు రహస్యంగా కబుర్లందిస్తున్న మనిషి. ఈ గోదాం ఆనవాలు చెప్పిందీ ఆమే. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. మాస్కు కూడా ఆ అందాన్ని దాచలేకపోయింది.

లోపలి గదిలో వరసగా బూడిద రంగు సిలిండర్లు. అన్నిటి మీదా నైట్రోజన్ అని రాసుంది. సంపత్ వెనక్కి తిరిగేలోగా ఇనుప తలుపు పడింది. పైన పైపులోంచి బుస్సుమని చప్పుడు.

"నైట్రోజన్ సారూ. వాసన రాదు, నొప్పి తెల్వదు," అంది నవనీత తలుపు అవతలి నుంచి. "మీకన్నా జెల్కార్ వాళ్లు మంచిగ ఇస్తరు."

కిటికీ లేదు. తలుపు కదలలేదు. ఆక్సీమీటర్ తొంభై, తర్వాత ఎనభై నాలుగు చూపించింది. సంపత్‌కు భయమేసింది. బాపు కూడా ఇలాగే గాలి కోసం కొట్టుకుంటాడన్న తలంపు అంతకన్నా భయపెట్టింది.

తూలి సిలిండర్‌ను పట్టుకుంటే బూడిద రంగు చేతికంటింది. పెయింటు ఇంకా ఆరలేదు. ఎందుకు వేసినట్టు? దాచిన సరుకు ఇదే అయితే లోపల ఆక్సిజన్, బతుకుతాడు. తప్పయితే నైట్రోజన్, చావు ఇంకాస్త తొందరగా వస్తుంది. కళ్లు మూసుకుని వాల్వు తిప్పి, ముఖం దగ్గరగా పెట్టాడు.

డెబ్భై తొమ్మిది. డెబ్భై తొమ్మిది. ఎనభై ఆరు. తొంభై ఆరు.

"సార్, పైన నైట్రోజన్ అని రాసిండ్రు," అన్నాడు మైకులో రొప్పుతూ. "లోపల మాత్రం ఊపిరే ఉన్నది."

చీఫ్ మనుషులు వచ్చేసరికి మొదటి లారీ గేటు దాటుతోంది. దాన్ని ఆపి, ఇనుప తలుపు తీసి సంపత్‌ను బయటికి తెచ్చారు. సరుకు ఎక్కించిన లారీలన్నిటినీ కరీంనగర్ దారి పట్టించారు. పొద్దుగూకే వేళ ఫోన్ మోగింది.

"గాలి మంచిగ వస్తుంది బిడ్డా. నువ్వు తిన్నవా?" అన్నాడు లచ్చయ్య.

పోలీసు జీపులో నవనీత కళ్లద్దాలు తీసింది. "ముందుగాల ఒప్పుకున్న కంపెనీకి జుర్మానా మాఫ్ అంటరు గదా సారూ. రాసుకోన్రి, నేను ఒప్పుకుంటున్న."

"మొదటి కంపెనీ హనుమండ్లు పొద్దుగాలనే ఒప్పుకున్నడు మేడం," అన్నాడు సంపత్. "మంథని బస్సు పోయింది."