ఆఖరి ఇంట్లో ఉంటున్నవారు

విమానాశ్రయం వెనక గోడని ఆనుకుని ఒక ఇళ్ళ వరస ఉంది. అందులో ఆఖరి ఇంటికి మంచి పేరు లేదు. చీకటి పడితే టాక్సీవాళ్ళు ఆ ఇంటి దాకా రారు. మూడిళ్ళ ముందే ఆపేసి, "ఇక్కడ దిగి నడిచిపోండి" అంటారు. ఎందుకయ్యా అంటే అద్దం తుడుచుకుంటూ మాట మారుస్తారు.

ఆ ఇంటావిడ పోయి ఏడాదయింది. అయినా రాత్రయితే లోపల దీపం వెలుగుతుంది... కుర్చీ జరుగుతుంది... ఎవరో దగ్గుతారు. ఓ రాత్రి మగ దగ్గు, ఇంకో రాత్రి ఆడ దగ్గు. ఒక్క దెయ్యానికి రెండు గొంతులేమిటని జనం మరీ హడలిపోయారు.

అలాంటి ఇంట్లోకి మా మావయ్య వెళ్ళాడు. రాత్రిపూట — ఒక్కడే. ఆయన చెప్పింది చెప్పినట్టు మీకు చెప్తున్నాను.

ముందు మావయ్య సంగతి ఒక మాట. ఆయన విమానాశ్రయం ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. చుట్టుపక్కల ఇళ్ళు చూసి రావడం, కాగితాలు నింపడం ఆయన పని. ఇరవై రెండేళ్ళలో పై ఆఫీసరుకి ఒక్కసారి కూడా "కాదండి" అనలేదు. మా అత్త వేళాకోళం చేసేది — "మీ మావయ్య మెడ పైకీ కిందకీ మాత్రమే తిరుగుతుందే, పక్కలకి తిరగడం దానికి రాదు" అని.

ఇక ఆ ఇంటావిడ. టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరయింది. వరసలో చిన్నా పెద్దా అందరూ టెలిఫోన్ పెద్దమ్మ అనేవాళ్ళు. విమానాలు ఆ ఇళ్ళ మీద ఎంత కిందుగా దిగేవంటే, డాబా మీద నిలబడితే చక్రాలకంటిన మట్టి కనబడేది. గిన్నెలు మూతలతో సహా వణికేవి. మాట మధ్యలో ఆపి, విమానం పోయాక మళ్ళీ అక్కణ్ణుంచే అందుకోవడం పిల్లలకి మాటలతోపాటే వచ్చేసేది. పగలంటే సరే... అర్ధరాత్రి పన్నెండుకీ, రెండుకీ, మూడున్నరకీ కూడా అదే తంతు. నిద్రలో ఉలిక్కిపడి ఏడ్చే పసివాళ్ళని భుజాన వేసుకుని తల్లులు వీధిలో తిరిగేవాళ్ళు.

పెద్దమ్మ ఊరుకోలేదు. విమానం వెళ్ళిన ప్రతిసారీ ఆఫీసుకి ఫోన్ చేసేది.

"హలో... విమానం ఒకటి ఇప్పుడే నా మంచం మీదుగా వెళ్ళిందండీ. మీదేనేమో, కాస్త చూసి చెప్తారా?"

పెట్టేస్తే మళ్ళీ చేసేది. తొమ్మిదేళ్ళు కోర్టు మెట్లు ఎక్కి దిగింది. చివరికి గెలిచింది. ఆ ఆఖరి ఇంట్లో రాత్రిళ్ళు మనుషులు ఉంటున్నంతకాలం, పదకొండు నుంచి తెల్లవారి ఐదు దాకా ఒక్క విమానం కూడా ఆ వరస మీదుగా వెళ్ళకూడదు — ఇదీ తీర్పు.

గెలిచాక నాలుగు నెలలు ఒళ్ళెరగకుండా నిద్రపోయింది పెద్దమ్మ. ఓ రాత్రి ఆ నిద్రలోనే పోయింది.

ఇంక ఆఫీసు ఆగుతుందా! ఇల్లు ఖాళీ అని తేల్చడానికి మనిషిని పంపింది. ఒకరి తర్వాత ఒకరు, ముగ్గురు వెళ్ళారు. ముగ్గురూ గేటు దగ్గర దీపం చూసి, దగ్గు విని, వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తుకొచ్చారు. ఒకాయన చెప్పు కూడా అక్కడే వదిలేశాడు. దెయ్యం అని ఊరంతా చాటింది వీళ్ళే.

నాలుగోవాడు మావయ్య.

పై ఆఫీసరు కాగితం చేతిలో పెట్టాడు.

"ఈ రాత్రి లోపలికి వెళ్ళి చూడు. 'నివసించు వారి సంఖ్య' అన్నచోట సున్నా వెయ్యి. రేపు మధ్యాహ్నానికి నా బల్ల మీద ఉండాలి. రేపు రాత్రి నుంచి విమానాలు మొదలు. అర్థమైందా?"

మావయ్య తలూపాడు.

పదిన్నరకి టాక్సీ దిగాడు — మూడిళ్ళ ముందే. వీధిలో దీపాలు గుడ్డిగా వెలుగుతున్నాయి. ఆఖరి ఇంటి దాకా నడిచి చూస్తే... చీకటి. రోజూ వెలిగే దీపం ఆ రాత్రి లేదు. దగ్గూ లేదు. 'హమ్మయ్య, ఖాళీయే' అనుకున్నాడు. గేటు తోశాడు. తలుపు దగ్గరకి వేసి ఉంది, గడియ లేదు.

"లోపల... ఎవరైనా ఉన్నారాండీ?"

ఎవరూ పలకలేదు.

టార్చి వేశాడు. ముందు గది. ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద గుడ్డ కప్పిన టెలిఫోన్. దుమ్ము లేదు. ఎవరో ఆ సాయంత్రమే ఊడ్చినట్టుంది నేల. అవతల పడగ్గది తలుపు ఓరగా తెరిచి ఉంది. అటు వెళ్ళబుద్ధి కాలేదు. చూసినట్టే అనుకుని, కాగితం బల్ల మీద పరిచి, పెన్ను మూత తీశాడు.

పెన్ను కాగితానికి ఆనిందో లేదో —

"సున్నా వేస్తున్నారా?"

గుసగుస. పడగ్గదిలోంచి... ఆడ గొంతు.

మావయ్య టార్చి అటు తిప్పలేదు, కాగితం మీదే ఉంచాడు.

"ఆఫీసు... ఆఫీసువాళ్ళు పంపారండీ. ఇంట్లో ఎవరూ లేరని..."

"ఎవరూ లేరా?"

"లేరనే... రాయమన్నారండీ."

"మరి ఇప్పుడు మీరెవరితో మాట్లాడుతున్నట్టు?"

మావయ్య పెన్ను మూత పెట్టేశాడు. అయినా వెళ్ళిపోలేదు. ఆ గొంతులో కోపం లేదట... కానీ జవాబు చెప్పకుండా కదలనిచ్చే గొంతు కాదట.

అంతలో దూరంగా గుంయ్‌మని మొదలైంది. ఆ రాత్రికి అదే ఆఖరి విమానం. దగ్గరికి... ఇంకా దగ్గరికి... కిటికీ అద్దాలు గలగలమన్నాయి. కుర్చీ కాళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఇల్లు మొత్తాన్ని పిడికిట్లో పట్టి ఊపుతున్నట్టు మోత. ఆ మోతలో ఆవిడ అడిగింది —

"ఈ వరసలో పసిపిల్లలు నిద్రలో ఉలిక్కిపడటం మానేసి ఎన్నాళ్ళయిందో తెలుసా మీకు?"

"తెలీదండీ" అన్నాడు మావయ్య.

అన్నాడు... కానీ తన మాట తనకే వినబడలేదు. గట్టిగా అరిచాడు — "తెలీదండీ!" అయినా వినబడలేదు. చెవులు దిమ్మెక్కిపోతున్నాయి.

"పదహారు నెలలు."

మళ్ళీ అదే గుసగుస. మోతకి చెక్కుచెదరకుండా... ప్రతి అక్షరం విడివిడిగా... చెవి పక్కనే.

అప్పుడు అర్థమైంది ఆయనకి. తన అరుపు తనకే వినబడని మోతలో, అవతలి గదిలోంచి గుసగుస ఎలా వినబడుతోంది?

కాగితం ఎలా లాక్కున్నాడో, గేటు ఎలా దాటాడో తెలీదు. ఇంటికొచ్చి పడ్డాడు. అత్త తలుపు తీసి, మొహం చూసి, మంచినీళ్ళిచ్చింది.

ఆ రాత్రంతా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడట. సున్నా ఎంతసేపటి పని! ఇంట్లోనే వేసేసి పొద్దున్న ఇచ్చేస్తే అడిగేవాళ్ళు లేరు. పెన్ను నాలుగుసార్లు తీశాడు, నాలుగుసార్లూ మూత పెట్టాడు. భయం వల్ల కాదట. "ఆవిడ అడిగినదాంట్లో ఒక్క తప్పు మాట లేదే..." అన్నాడు నాతో. "మాట్లాడిన మనిషిని లేదని ఎలా రాస్తాను?"

తెల్లారగానే ఆఫీసుకి పోకుండా మళ్ళీ ఆ వరసకే వెళ్ళాడు. ఆఖరి ఇంటి పక్కన టైలరమ్మ ఉంటుంది. అప్పటికే మిషను ముందు కూర్చుని, గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, ఏదో గౌను కుడుతోంది. మావయ్య జరిగిందంతా చెప్పాడు. ఆవిడ సూదులు తీసి పక్కన పెట్టి... పకపకా నవ్వేసింది.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు బాబూ. అది మేమే!"

సంగతేమిటంటే, పోయేముందు పెద్దమ్మ వీలునామా రాసింది. ఇల్లు వరసలోవాళ్ళందరికీ ఉమ్మడి. ఒక్కటే షరతు — రాత్రిళ్ళు ఖాళీగా ఉంచకూడదు. మిగిలినవి ఏడిళ్ళు, వారానికి ఏడు రాత్రులు. ఇంటికొకరు చొప్పున వంతు వేసుకుని, రోజూ ఒకరు వెళ్ళి దీపం పెట్టి, అక్కడే పడుకుంటున్నారు.

"మరి ఆఫీసువాళ్ళకి చెప్పొచ్చు కదండీ!"

"తలుపు తట్టి అడిగితే కదా చెప్పడానికి? దీపం పెట్టాం, తలుపు గడియ తీసే ఉంచాం, దగ్గొస్తే దగ్గాం. దెయ్యమని పారిపోయింది మీవాళ్ళు. ఇంతకంటే మనుషుల్లా ఎలా ఉంటారు బాబూ, మీరే చెప్పండి!"

మావయ్యకి ప్రాణం లేచొచ్చింది. సిగ్గూ వేసింది. అక్కడే కాగితం తీసి, 'నివసించు వారి సంఖ్య' దగ్గర 'ఏడుగురు' అని రాసేశాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడట. ఆ మాట అనుకోవడం ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి.

"ఇంతకీ రాత్రి నన్ను హడలగొట్టింది ఎవరండీ? ఒకసారి చూసి దండం పెట్టుకుంటాను."

"ఆడ గొంతన్నారు కదూ... ఉండండి." టైలరమ్మ గోడ మీద వంతుల కాగితం చూసింది. చూసి, మళ్ళీ వేలు పెట్టి చూసింది. "నిన్న... తాళాలు బాగుచేసే ఆయన వంతే!"

"మగవాడా?"

ఆవిడ ఏదో అనబోయేంతలో గుమ్మంలో చప్పుడైంది. భుజాన సంచీ, నలిగిన చొక్కా, నిద్రలేని కళ్ళు — తాళాలాయన. అప్పుడే బస్సు దిగి వస్తున్నాడు.

"నన్ను తిట్టకు అక్కా. చెల్లెలికి పురుడొచ్చిందంటే సాయంత్రం పరుగెత్తాను. ఇల్లు ఊడ్చి గడియ తీసి పెట్టాను గానీ ఎవరికీ చెప్పడానికి తీరలేదు. రాత్రంతా ఆస్పత్రిలోనే. నా వంతు తప్పింది... ఇల్లు ఖాళీగా ఉండిపోయింది కదా అని ఒకటే బెంగ."

టైలరమ్మా మావయ్యా ఒకేసారి గోడ వైపు తిరిగారు. గోడకి అవతల ఆఖరి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

టైలరమ్మ పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. మావయ్య ముందున్న కాగితం మీద వేలు పెట్టింది. గొంతు బాగా తగ్గించి అంది —

"ఏడు కొట్టేసి... ఎనిమిది వెయ్యండి బాబూ."

వేశాడు.

మధ్యాహ్నం ఆ కాగితం చూసి పై ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు. "వంతుల వాళ్ళు ఏడుగురన్నావు. ఈ ఎనిమిదో మనిషెవరు? పేరేదీ?"

"రాత్రి పదిన్నర దాటాక మీరే వెళ్ళి అడగండి సార్," అన్నాడు మావయ్య. "ఆవిడ పలుకుతారు."

ఆఫీసరు ఇంతవరకూ వెళ్ళలేదు. ఆ వరసలో రాత్రిళ్ళు జనం ఇంతవరకూ హాయిగానే నిద్రపోతున్నారు.