గొడుగుల కొట్టు గడువు

"నాలుగింటికి గొడుగుల కొట్టు మన చేతిలో లేకపోతే అవతలున్న మనవాడు బతకడు," అన్నాడు ఫోన్‌లో చీఫ్.

వెబ్‌సైట్లు నడిపే హోస్టింగ్ కంపెనీ బిల్లింగ్ సెక్షన్‌లో కూర్చున్న ఏజెంట్ కోడ్ నేమ్ గుమాస్తా. మూడేళ్లుగా అదే కుర్చీ, అదే దొంగ పేరు. గొడుగులమ్మే ఆ వెబ్‌సైట్ నిజానికి గూఢచారి డిపార్ట్‌మెంట్‌ది. సరిహద్దు అవతలి ఏజెంట్ తన ఆచూకీని ఆర్డర్ రూపంలో అందులో రాస్తాడు. ఇవాళ నాలుగున్నరకు రాయాలి.

"ఆ సైట్ డొమైన్ పేరు గడువు ఇవాళ నాలుగింటితో సరి. కొనేసుకోడానికి విదేశీ ముఠా కాచుక్కూర్చుంది. నువ్వు చూసుకోలేదా?"

గుమాస్తా స్క్రీన్ చూశాడు. సాఫ్ట్‌వేర్‌లో బిల్లు తేదీ వచ్చే నెల ఒకటి. పక్కన, ఎవరూ పట్టించుకోని గడిలో, అసలు గడువు ఇవాళ. బిల్లు తేదీ రాలేదు గనుక సాఫ్ట్‌వేర్ హెచ్చరించనూ లేదు, రెన్యూ చేయనూ లేదు.

ఆ తేదీ జరిపింది తనే. ఎర్ర ఫ్రేము కళ్లజోడు ఆడిటర్ అడిగింది. "అన్ని బిల్లులూ ఒకటో తారీఖుకి మార్చేయండి. మనకీ కాస్త తీరిక దొరుకుతుంది." మూడేళ్లలో అతన్ని కాఫీకి పిలిచిన మనిషి ఆమె ఒక్కతే. 'మనకీ' అన్న ఒక్క మాటకు పొంగిపోయి నూట పన్నెండు తేదీలు మార్చేశాడు. ఇప్పుడు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

మూడు యాభై ఎనిమిది. రెన్యూ నొక్కాడు. లాక్ కోడ్ అడిగింది. నిమిషానికోసారి మారే ఆ కోడ్ అతని పెన్ను క్యాప్‌లోని బుల్లి తెర మీద కనిపిస్తుంది. జేబు తడుముకున్నాడు. పెన్ను లేదు.

"దీనికోసమా?" బల్లకు అవతల ఆడిటర్ నిలబడి ఉంది. క్యాప్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని మారే అంకెలు చూస్తోంది. "రెండు నిమిషాలాగండి, ఇచ్చేస్తాను."

"కాఫీకి పిలిచింది ఇందుకేనా?"

"మొదటిసారి ఇందుకే."

ఆ కళ్లజోడు అద్దాల్లో తన మొహం చూసుకోవడం అతనికి అలవాటు. ఇవాళ అక్కడ అంకెలు కనిపించాయి, తిరగబడి. మనసులోనే తిప్పి చదువుకుంటూ టైప్ చేశాడు. నాలుగింటికి ఇంకా ఆరు సెకన్లుండగా తెర మీద ఆకుపచ్చ గుర్తు వెలిగింది.

చీఫ్ ఫోన్‌లో అంతా విన్నాడు; అతని మనుషులు వచ్చి ఆ ముఠా మనిషిని తీసుకెళ్లారు. ఆమె వెనక్కి చూడలేదు. నాలుగున్నరకు ఆర్డర్ వచ్చింది: నల్ల గొడుగు, ఒకటి. మనవాడు క్షేమం.

ఆ సాయంత్రం గుమాస్తాకు వచ్చిన ఉత్తరం ఒకే ఒక్కటి, అదీ సాఫ్ట్‌వేర్ పంపింది. 'మనం మరో ఏడాది కలిసుంటున్నందుకు సంతోషం.' రెండుసార్లు చదువుకుని జవాబు రాయబోయాడు. అడుగున చిన్న అక్షరాల్లో 'దయచేసి ఈ మెయిల్‌కు జవాబు ఇవ్వవద్దు' అని ఉంది.